గోపాలపట్నం పరుగుకి బీచ్ రోడ్డు అక్కర్లేదు

విశాఖపట్నంలో పరుగు అనగానే అందరూ బీచ్ రోడ్డే చూపిస్తారు. నేవీ మారథాన్ జరిగేదీ అక్కడే, ఫొటోలు బాగా వచ్చేదీ అక్కడే. కాదనను. కానీ గోపాలపట్నం మనిషి తెల్లారకుండా లేచి, స్కూటరెక్కి, ఎన్‌ఏడీ దాటి, ఊరంతా అడ్డంగా కొట్టుకుని ఆర్కే బీచ్‌కి పోయి అక్కడ పరుగెత్తి మళ్లీ స్కూటరెక్కి రావడం చూస్తే నాకు నవ్వొస్తుంది. ఇంటి పక్కనే సింహాచలం కొండ పెట్టుకుని సముద్రం దాకా దేనికి?

తెలియనివాళ్లకి మా ఊరి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు నుంచి పెందుర్తి వెళ్లే దారిలో ఉంటాం. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ, అంటే జీవీఎంసీ, ఏర్పడింది, మేమూ నగరంలో కలిశాం. సింహాచలం రైల్వే స్టేషన్ అని బోర్డున్నది మా దగ్గరే, కొండ ఇక్కడికి ఐదారు కిలోమీటర్ల దూరం. రైల్వే షెడ్డు, నేవీ డిపో, పోర్టు, బీహెచ్‌పీవీ, స్టీల్ ప్లాంటు... వీటిలో ఏదో ఒకదానికి మనిషిని పంపని వీధి మా వైపు దొరకదు. నాదీ రైల్వే ఉద్యోగమే. షిఫ్టుల బతుకు కాబట్టి నా పరుగుకి వేళాపాళా ఉండదు.

అసలు ఈ ఊళ్లో అన్నిటికంటే పెద్ద దూరాల పందెం బీచ్‌లో లేదు. అది ఏటా ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు జరుగుతుంది. పందెం అని ఎవరూ అనరు, గిరి ప్రదక్షిణ అంటారు. కొండ దిగువన తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం, ఇసుకతోట, కైలాసపురం, మాధవధార, మురళీనగర్, ఎన్‌ఏడీ, గోపాలపట్నం, ప్రహ్లాదపురం, గోశాల మీదుగా మళ్లీ తొలి పావంచాకి చేరాలి. మొత్తం 32 కిలోమీటర్లు. లక్షల మంది నడుస్తారు. వాళ్లలో చాలామంది కాళ్లకి చెప్పులు కూడా ఉండవు.

ఈ 32 అంకె మీద నాకో ముచ్చట ఉంది. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. దానికి సాధన చేసేవాళ్లు పోటీకి ముందు ఒక్కసారిగా పరుగెత్తే అతి పెద్ద దూరం మామూలుగా 20 మైళ్లు, అంటే మన లెక్కలో 32 కిలోమీటర్లే. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం, అంటే గ్లైకోజన్, గట్టిగా పరుగెత్తేవాళ్లకి ఇంచుమించు 30 కిలోమీటర్ల దగ్గర నిండుకుంటుంది. కాళ్లు మొరాయించేది అక్కడే. నడకలో ఖర్చు నిదానం కాబట్టి ఆ దెబ్బ అంతగా తగలదు గానీ అరికాళ్లు, పిక్కలు, మోకాళ్లు తమ లెక్క తాము రాసుకుంటూనే ఉంటాయి. ఎన్‌ఏడీ దాటి మా రోడ్డు మీదకొచ్చేసరికి ఆ లెక్క కట్టాల్సి వస్తుంది. అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం చేసి హుషారుగా కదిలినవాళ్లే ఇక్కడికొచ్చి షాపుల మెట్ల మీద చతికిలబడి కాళ్లు పిసుక్కుంటారు. ఆ రాత్రి దారి పొడవునా టెంట్లు వేసి పులిహోర, మజ్జిగ, అరటిపళ్లు చేతిలో పెడుతుంటారు. నిజానికి నడిచేవాళ్లకి ఆ సమయంలో కావలసినవి కూడా అవే: కాస్త పిండి, కాస్త ఉప్పు, నీళ్లు.

అందుకే నేను చెప్పేదేమిటంటే, ప్రదక్షిణలో ఆఖరి భాగమే మన రోజువారీ ట్రాక్. గోపాలపట్నం జంక్షన్ నుంచి ప్రహ్లాదపురం మీదుగా గోశాల వైపు వెళ్లి వెనక్కి రండి. చదును రోడ్డు కొంత, ఎత్తుపల్లం కొంత, ఎదురుగా కొండ. ఇంకా ఓపికుంటే మెట్ల దారి ఉండనే ఉంది, వెయ్యికి పైగా మెట్లు. ఎక్కేటప్పుడు ఊపిరికి పని, దిగేటప్పుడు మోకాళ్లకి పని. నలభై దాటినవాళ్లు దిగేటప్పుడే నెమ్మదిగా దిగాలి.

గాలి సంగతి కూడా చెప్పుకోవాలి. 2020 మే 7 తెల్లవారుజామున మా పక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఫ్యాక్టరీ నుంచి విషపు స్టైరీన్ ఆవిరి బయటికొచ్చినప్పుడు ఇక్కడి జనం నిద్రలోంచి లేచి చీకట్లో పరుగు తీశారు. 12 మంది పోయారు. ఆ పరుగు చూసిన ఊరికి గాలి గురించి వేరే పాఠం చెప్పక్కర్లేదు. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో పోర్టూ ఫ్యాక్టరీలూ లారీలూ. చలికాలం రాత్రి నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటే కిందున్న పొగ కదలదు, ఎండ తగిలాకే పైకి లేస్తుంది. కాబట్టి డిసెంబరు, జనవరిలో నాలుగున్నరకే లేచి పెందుర్తి రోడ్డు లారీల వెనకాల ఆయాసపడటం ఆరోగ్యం కాదు. కాస్త తెల్లారనిచ్చి కాలనీ సందుల్లో పరుగెత్తండి. ఏప్రిల్, మే నెలల్లో దీనికి తిరగేసి: ఎంత పెందలాడే అయితే అంత మంచిది. మన గాలిలో తేమెక్కువ, పట్టిన చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అలాంటప్పుడు గడియారం చూసి వేగం పెంచడం మూర్ఖత్వం.

ఇక తిండి. పరుగు ముగిశాక నా కాళ్లు వాటంతటవే అంబలి బండి దగ్గర ఆగుతాయి. తోపుడు బండి, దాని మీద తడిగుడ్డ చుట్టిన కుండ, పక్కన తరిగిన ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, మామిడికాయ ఊరగాయ డబ్బా. చోడిపిండి, అంటే రాగిపిండి, ముందురోజు రాత్రే నీళ్లలో కలిపి పులియబెడతారు. పొద్దున నూకలు ఉడికించి, అందులో ఆ పిండి పోసి, అడుగంటకుండా తెడ్డుతో తిప్పుతూ కాస్తారు. చల్లారాక మళ్లీ ఓ రాత్రి ఉంచుతారు. అమ్మేటప్పుడు మజ్జిగ పోసి, ఉప్పేసి, ఉండల్లేకుండా గరిటెతో కొట్టి గ్లాసులో వంపుతారు. నేను గడగడా తాగేస్తుంటే బండి ఆవిడ ఊరుకోదు. “ఒట్టి అంబలేటి తాగుతారు బాబూ, ఉల్లిపాయ ముక్కెట్టుకోండి” అంటుంది. “సరే అప్పా” అని పెట్టుకుంటాను. ఆమె చెప్పినదాంట్లో రుచితోపాటు పని కూడా ఉంది. గంటసేపు చెమటోడ్చాక ఒట్టి నీళ్లు లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడిపోయే ప్రమాదముంది. అంబలిలో నీళ్లూ ఉప్పూ పిండీ మూడూ ఉన్నాయి. 100 గ్రాముల చోళ్లలో కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, బియ్యంలో దీనితో పోల్చదగ్గంత లేదు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించాక హోటళ్లు అంబలిని ఖరీదైన గ్లాసుల్లో అమ్మడం మొదలెట్టాయి. మా బండి మాత్రం ఏ ప్రకటన కోసమూ ఆగలేదు.

టిఫిన్ బండ్ల దగ్గరే అసలు చిక్కు. ఒక కిలోమీటరు పరుగుకి ఒంటి బరువు కిలోకి ఒక కేలరీ చొప్పున ఖర్చవుతుందని మోటు లెక్క. 65 కిలోల మనిషి ఐదు కిలోమీటర్లు పరుగెత్తితే 325. బొంబాయి చట్నీతో ఓ ప్లేటు పూరీ, ఆ తర్వాత పంచదార టీ పడితే అంత పరుగూ తిరిగొచ్చేస్తుంది. పూరీ వద్దని నేననను, పూరీ కోసమే పరుగెత్తేవాళ్లు నాకు తెలుసు. రోజూ అయితే ఇడ్లీ గానీ పెసరట్టు గానీ మేలు. ఆదివారం మీ ఇష్టం.

ఆదివారం చీకట్లో మా జంక్షన్ దగ్గర నిలబడితే ఎర్ర లైట్లు మినుకుమంటూ సైకిళ్లు పెందుర్తి వైపు వెళ్తుంటాయి. కొత్తవలస, ఎస్.కోట దాకా రోడ్డు అనుకూలమే, మా దగ్గర్నుంచి 40 కిలోమీటర్ల పైమాటే. ఆ తర్వాత అనంతగిరి ఘాట్, అరకు. అది అందరి వల్లా అయ్యేది కాదు. హెల్మెట్లతో వెళ్లే ఈ కుర్రాళ్లని చూసి సైకిల్ ఇప్పుడే వచ్చిందనుకుంటే పొరపాటు. క్యారియర్‌కి టిఫిన్ గిన్నె కట్టుకుని ఎ షిఫ్టుకి తొక్కినవాళ్ల ఊరిది. ఖరీదైన సైకిల్ అక్కర్లేదు. పెడల్ కిందికున్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు పెంచుకోండి, టైర్లలో గాలి చూసుకోండి, వెనక ఎర్ర లైటు మరవకండి. మోకాళ్ల నొప్పులని సైకిల్ మానేసినవాళ్లలో చాలామందికి సీటు ఎత్తే తక్కువ.

మా ఊళ్లో కొరత ఒక్కటే, అడుగు పెట్టేందుకు చోటు. బీఆర్టీఎస్ పేరుతో రోడ్డు వెడల్పయింది, మధ్యలో బస్సులకి దారి పెట్టారు, కానీ అంచున నడిచేవాడికి పార్కింగ్ బళ్లూ ఇసుకకుప్పలూ మిగిలాయి. ప్రదక్షిణ రాత్రి రోడ్డంతా కాళ్లకి వదిలేస్తారు. మిగతా రోజుల్లో పొద్దున రెండు గంటలు ఒక అంచు వదిలిపెట్టమని జీవీఎంసీని అడుగుతున్నాం. షాపులవాళ్లూ ఆ రెండు గంటలు మెట్ల ముందు బళ్లు పెట్టకుండా ఉంటే చాలు. మీరు కూడా వచ్చే ఆషాఢంలో నడవాలనుకుంటే చతుర్దశి ముందురోజు మొదలెట్టకండి. ఉగాది నుంచే వారానికి కొంచెం కొంచెంగా దూరం పెంచుకుంటూ రండి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగండి.