చుక్కల్లో కొలవాల్సిన నూనెలు

మైలవరం వైపు తోటల నుంచి వేసవిలో విజయవాడకు వచ్చే మల్లెమొగ్గల్ని బట్టీలో పోసి ఆవిరి పట్టిస్తే మల్లె నూనె దిగుతుందని చాలామంది అనుకుంటారు. దిగదు. మల్లె పరిమళం అంత వేడికి ఓర్చుకోదు, ఉడికిన పూల వాసన మిగులుతుంది. అందుకే మల్లె సారం తీసేవాళ్లు హెక్సేన్ లాంటి ద్రావణిలో పూలను నానబెడతారు. ఆ ద్రావణిని ఆవిరి చేసేస్తే మైనం లాంటి ముద్ద మిగులుతుంది. దాన్ని ఆల్కహాల్‌తో కడిగి, ఆ ఆల్కహాల్‌నూ తీసేస్తే ‘ఆబ్సల్యూట్’ అనే చిక్కటి ద్రవం చేతికొస్తుంది. ఒక కిలో ఆబ్సల్యూట్‌కు వందల కిలోల పూలు కావాలి. ఇంత శ్రమతో వచ్చిన సరుకు నూట యాభై రూపాయలకు సీసా నిండుగా దొరికే అవకాశమే లేదు. ఆ ధరకు ‘మల్లె ఎసెన్షియల్ ఆయిల్’ పేరుతో అమ్మేది ఫ్యాక్టరీలో కలిపిన సెంటు. బట్టలకు పూసుకోవడానికైతే బాగానే ఉంటుంది. చర్మానికి మంచిదని దాన్ని ముఖానికి రుద్దుకోవడమే ప్రమాదం.

లావెండర్, టీ ట్రీ, పుదీనా, నిమ్మగడ్డి, యూకలిప్టస్ అంటూ ఈ చిన్న సీసాలు ఇప్పుడు మందుల షాపుల్లో, బ్యూటీ పార్లర్లలో కనిపిస్తున్నాయి, ఫోన్లో ఆర్డరు పెడితే గుమ్మంలోకీ వస్తున్నాయి. వీటిలో కొన్ని నిజంగా పనికొస్తాయి. నా ఆందోళనల్లా ఒక్కటే. పెరట్లో మొక్క మీద తరతరాలుగా ఉన్న నమ్మకాన్ని, అదే మొక్క పేరు రాసున్న సీసా మీద కూడా పెట్టేసుకుంటున్నాం. రసాయనికంగా ఆ రెండూ వేరు.

ఎలా వేరో తెలియాలంటే బట్టీలో జరిగేది చూడాలి. ఆకునో వేరునో తొక్కనో నింపిన పాత్రలోకి నీటి ఆవిరిని పంపుతారు. ఆ వేడికి మొక్కలోని నూనె తిత్తులు పగులుతాయి. తేలికైన, త్వరగా ఎగిరిపోయే అణువులు ఆవిరితో కలిసి పైకి పోతాయి. చల్లబడ్డాక సాధారణంగా నీరు అడుగున ఉండి, నూనె పైన తేలుతుంది. బరువైన అణువులు మాత్రం పిప్పిలోనే ఉండిపోతాయి. కృష్ణా పశ్చిమ డెల్టాలోని దుగ్గిరాల మార్కెట్టుకు వచ్చే పసుపుకొమ్ముల్ని ఇలా ఆవిరి పట్టిస్తే టర్మెరోన్లనే సువాసన పదార్థాలు నూనెలోకి వస్తాయి. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ రాదు. పసుపు గుణాల మీద మనం చదివే పరిశోధనల్లో ఎక్కువ భాగం కర్క్యుమిన్ మీద జరిగినవే. కాబట్టి ఆవిరి పట్టి తీసిన పసుపు నూనె సీసా మీద ‘కర్క్యుమిన్ గుణాలు పుష్కలం’ అని రాసుంటే, ఆ రాసినవాళ్లకు తమ సరుకేమిటో తెలియదన్నమాట.

మరో తేడా గాఢతలో ఉంది. వంద కిలోల నిమ్మగడ్డి నుంచి దక్కే నూనె సుమారు అర కిలో. అందులో డెబ్బై ఎనభై శాతం సిట్రాల్ అనే ఒకే పదార్థం. నిమ్మగడ్డి టీ రోజూ తాగే మనిషికి కూడా ఆ నూనె నేరుగా తగిలితే చర్మం ఎర్రగా కందిపోవచ్చు. లవంగం బుగ్గన పెట్టుకోవడానికీ, ఎక్కువ భాగం యూజెనాల్ అయిన లవంగ నూనెను చిగురు మీద పోసుకోవడానికీ కూడా ఇంతే తేడా. పంటినొప్పికి దూదితో అద్దిన ఆ నూనె చిగురును కాల్చి పుండు చేయగలదు.

ఈ గాఢతను అదుపులో పెట్టి వాడుకోవడానికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ కృష్ణా జిల్లా మనిషిదే. ఎలకుర్రుకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఆ బామ్ మీద వచ్చిన డబ్బే తర్వాత ఆంధ్రపత్రికను, భారతిని నిలబెట్టింది. ఇలాంటి తలనొప్పి బామ్‌లలో సాధారణంగా కర్పూరం, పుదీనా పువ్వు అని పిలిచే మెంథాల్, నీలగిరి తైలం, గంధపూర తైలం ఉంటాయి. వాటిని నేరుగా వాడకుండా మైనం లాంటి ఆధారంలో తగు పాళ్లలో కలుపుతారు. వేలి కొసతో కణతకు రాస్తే మెంథాల్ చర్మంలోని చల్లదనాన్ని గుర్తించే నాడీ గ్రాహకాలను తట్టి లేపుతుంది. చర్మం ఉష్ణోగ్రత తగ్గకపోయినా చల్లగా ఉన్నట్టు మెదడుకు కబురు అందుతుంది. మూసుకుపోయిన ముక్కు విషయంలోనూ ఇంతే. గాలి ధారాళంగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది గానీ, లోపలి వాపు అలాగే ఉంటుంది. ఆ ఉపశమనానికి విలువ లేదనను. దాన్ని జబ్బు నయమైనట్టు భావించవద్దనే నా మనవి.

అదే గంధపూర తైలం గాఢంగా సీసాలో ఉంటే కథ మారిపోతుంది. దాదాపు అంతా మిథైల్ సాలిసిలేట్ అయిన ఆ నూనె ఒక చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, సుమారు ఇరవై ఆస్పిరిన్ మాత్రలకు సమానం. కీళ్లనొప్పులకు దాన్ని ఒళ్లంతా మర్దన చేసుకునే పెద్దవాళ్లు వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడుతుంటే, చర్మం గుండా ఇంకిన మందు కూడా రక్తస్రావానికి దారి తీయవచ్చు. డాక్టరు ‘ఏ మందులు వాడుతున్నారు’ అని అడిగినప్పుడు ఈ తైలం పేరు కూడా చెప్పాలి. మన ఇళ్లలో దాన్ని మందుల లెక్కలో చేర్చరు.

అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది కర్పూరం. పిల్లలకు జలుబు చేస్తే కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి ఛాతీకి, వీపుకు రాయడం డెల్టాలో దాదాపు ప్రతి ఇంటికీ తెలిసిన వైద్యం. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు. కానీ పసిబిడ్డ చర్మం పలచన, శరీర పరిమాణంతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, కర్పూరాన్ని విరిచి బయటికి పంపే శక్తి కాలేయానికి ఇంకా రాదు. కర్పూరం మెదడును నేరుగా ఉద్రేకపరుస్తుంది. కడుపులోకి వెళితే కొద్ది నిమిషాల నుంచి గంటన్నరలోపే ఫిట్స్ రావచ్చు. ఒక గ్రాము కర్పూరంతో పసివాళ్లు చనిపోయిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. హారతి బిళ్ళలు ఒకటి రెండు కలిస్తే ఆ తూకానికి చేరతాయి. దుర్గగుడి మెట్ల దారిలో కొన్న పొట్లం దేవుడి గూట్లో పిల్లల చేతికందే ఎత్తులో ఉంటుంది, చూడటానికి పంచదార బిళ్ళలా ఉంటుంది. పచ్చకర్పూరమైతే ఫర్వాలేదనే మాట వింటుంటాను. చక్రపొంగలిలో వేసే చిటికెడుకు ఆ మాట చెల్లుతుంది. హారతి కర్పూరంలో ఎక్కువగా టర్పెంటైన్ నుంచి తయారుచేసినది వాడతారు, అది తినడానికి పనికిరాదు. అయితే మెదడు మీద పనిచేసే కర్పూరం అణువు రెంటిలోనూ ఉంది. అమెరికాలో 1980ల మొదట్లోనే కర్పూర తైలం అమ్మకాన్ని నిషేధించి, పైపూత మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని నియమం పెట్టారు. ఇంట్లో కాచే నూనెలో ఎంత శాతం ఉందో ఎవరూ కొలవరు. రెండేళ్లలోపు పిల్లలకు ఆ నూనె మానేయమని నేను గట్టిగా చెబుతాను. ముక్కులో సెలైన్ చుక్కలు వేస్తూ, పాలు మామూలుగా పడుతూ ఉంటే వాళ్ల జలుబు చాలావరకు అదే తగ్గుతుంది. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

పెద్దవాళ్లకు ఈ భయం లేదనుకోవద్దు. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ న్యూరాలజిస్టులు మరికొన్ని ఆసుపత్రులతో కలిసి నాలుగేళ్లు పరిశీలించి 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఫిట్స్‌తో వచ్చిన 350 మంది పెద్దవాళ్లలో 55 మందికి యూకలిప్టస్, కర్పూరం ఉన్న నూనెలు, బామ్‌లు, ఇతర వస్తువుల వాడకంతో సంబంధం కనిపించింది. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లూ, ఆ వ్యాధి ఉన్నవాళ్లతో ఒకే గదిలో పడుకునేవాళ్లూ ఈ సంగతి తెలుసుకోవాలి. మనవైపు జామాయిల్ చెట్టని పిలిచే యూకలిప్టస్ నూనెలో ఎక్కువ భాగం సినియోల్. చిన్నపిల్లల ముక్కు దగ్గర దీన్నీ, పుదీనా నూనెనూ పెడితే ఊపిరి ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు.

ఇక చర్మం. మంగు మచ్చలు పోతాయని నిమ్మరసం, నిమ్మ నూనె రాసుకుని బయటికి వెళ్లేవాళ్లకు విజయవాడ ఎండ చాలా చేటు చేస్తుంది. నిమ్మతొక్కలో ఫ్యూరనోకౌమరిన్లనే పదార్థాలుంటాయి. చర్మం మీద అవి ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే కాలినట్టు బొబ్బలొస్తాయి. బొబ్బలు మానాక నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. మన చర్మంలో రంగు ఎక్కువ కాబట్టి ఆ మచ్చ కూడా గాఢంగానే పడుతుంది. మచ్చ పోగొట్టుకోవడానికి రాసిన మందే కొత్త మచ్చ తెచ్చిపెడుతుందన్నమాట. తెనాలి మార్కెట్టులో దొరికే ఆ నిమ్మకాయల తొక్కనే ఆవిరి పట్టి నూనె తీస్తే ఈ బాధ దాదాపు ఉండదు. ఫ్యూరనోకౌమరిన్లు బరువైనవి గనక, పసుపు రంగు లాగే బట్టీలో వెనకబడిపోతాయి. తొక్కను నొక్కి తీసిన నూనెలో మాత్రం అలాగే ఉంటాయి. కాబట్టి లేబుల్ మీద నూనె తీసిన పద్ధతి ఉందో లేదో చూడాలి. లేకపోయినా, నొక్కి తీసినదని ఉన్నా ఆ నూనె రాసుకున్న చోట పన్నెండు గంటలు ఎండ తగలనివ్వకండి.

మన ఊళ్ల వేడి మరో చిక్కు తెస్తుంది. నిమ్మజాతి నూనెల్లోని లిమొనీన్, లావెండర్‌లోని లినలూల్ తాజాగా ఉన్నప్పుడు చర్మానికి పెద్దగా హాని చేయవు. గాలి సోకి, వేడికి మాగితే హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి. ఇవి ఎలర్జీని బాగా రేపుతాయని స్వీడన్ చర్మశాస్త్రవేత్తలు నిరూపించారు. మేలో 45 డిగ్రీలు తాకే ఊళ్లో రేకుల గదిలోనో, కారు డ్యాష్‌బోర్డులోనో పెట్టిన సీసా చలిదేశంలో కంటే చాలా ముందే పాడవుతుంది. ముదురు రంగు గాజుసీసాను మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మూత తీసిన తేదీ దాని మీద రాసుకోండి. నిమ్మజాతి నూనెలనూ, టీ ట్రీ నూనెనూ ఏడాది దాటితే చర్మానికి వాడకండి. ఒకసారి ఎలర్జీ అంటుకుంటే సాధారణంగా అది జీవితాంతం ఉంటుంది. ఆ తర్వాత అదే పదార్థం ఉన్న సబ్బు, క్రీము, షాంపూ ఏది తగిలినా దురద మొదలవుతుంది.

టీ ట్రీ గురించి న్యాయంగా మాట్లాడాలి. 1990లో సిడ్నీలో 124 మంది మొటిమల రోగుల మీద 5 శాతం టీ ట్రీ జెల్‌నూ, 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్‌నూ పోల్చి చూశారు. రెండూ మొటిమల్ని తగ్గించాయి. టీ ట్రీ నిదానంగా పనిచేసింది, మంట మాత్రం తక్కువ పెట్టింది. ఇది 5 శాతం జెల్ సంగతని మరవకూడదు. సీసాలో ఉండేది వంద శాతం.

పలచన చేయడం కష్టమేమీ కాదు. ఒక మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు. 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనె లేదా నువ్వులనూనెలో, అంటే రెండు పెద్ద చెంచాల్లో, ఆరు చుక్కలు కలిపితే ఒక శాతం. ముఖానికి మూడు చుక్కలు చాలు. ఒళ్లు మర్దనకు పన్నెండు దాటకూడదు. లవంగం, నిమ్మగడ్డి లాంటివి ఒంటికైనా మూడు చుక్కలకు మించొద్దు. దాల్చినచెక్క నూనె చర్మానికి అసలు వద్దు. బకెట్టు నీళ్లలో చుక్కలు వేసుకుని స్నానం చేసే పద్ధతి మానుకోవాలి. నూనె నీళ్లలో కలవదు, పైన తేలుతూ గాఢంగానే ఒంటికి అంటుకుంటుంది. దోమలకని నిమ్మగడ్డి నూనె రాసుకుంటే గంటా రెండు గంటల్లో ఎగిరిపోతుంది. కాలవ గట్ల పక్కన కాపురముండే ఇళ్లకు అంతకంటే దోమతెర నమ్మకమైనది. గదిలో డిఫ్యూజర్ వాడితే అరగంట వాడి ఆపేసి కిటికీలు తెరవాలి. ఆస్తమా ఉన్నవాళ్లూ, పసిపిల్లలూ ఉన్న గదిలో అదీ వద్దు. గర్భిణులు డాక్టరును అడగకుండా ఏదీ మొదలుపెట్టకూడదు.

కొత్త నూనె ఏదైనా పలచన చేసి, మోచేతి మడతలో చుక్కంత రాసి రెండు రోజులు చూడండి. దురదగానీ ఎరుపుగానీ వస్తే అది మీకు పడదు. గాఢమైన నూనె పొరపాటున ఒంటి మీద పడి మండితే ముందు వంటనూనెతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు మంచినీటితో కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పిల్లలెవరైనా మింగితే వాంతి చేయించకూడదు, ఎందుకంటే పైకి వచ్చే నూనె ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పాలు పట్టకూడదు. ఫిట్స్ వచ్చేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ సీసానో, కర్పూరం పొట్లాన్నో వెంట తీసుకెళ్లండి. ఏది, ఎంత మింగారో తెలిస్తే డాక్టరు చికిత్స త్వరగా మొదలుపెట్టగలరు.