రుద్దితే పోదు, నాననివ్వాలి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట దాకా మెట్రో స్తంభాల వెంట నడిచి చూడండి. బంగారం దుకాణాల ముందు భుజాన తుపాకీతో గన్‌మ్యాన్‌లు కనిపిస్తారు. వాళ్లలో నాలాంటి మాజీ సైనికులు చాలామంది. ఆర్మీలో నేను ఆర్మరర్‌ని, ఆయుధాలు బాగు చేయడమే నా ఉద్యోగం. రిటైరై ఎల్బీనగర్‌లో స్థిరపడ్డాక కూడా ఆ విద్య నన్ను వదల్లేదు. ఈ గన్‌మ్యాన్‌లు ఎదురుపడితే చాలు, "అన్నా, బ్యారెల్ జల్ది సాఫ్ అయ్యే మందేదన్నా ఉంటే చెప్పరాదే" అంటారు. ఎన్‌సీసీ పిల్లలు, ఎయిర్ రైఫిల్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు అడిగేదీ అదే.

అందరికీ నా జవాబు ఒకటే. మాడిన గిన్నెను నానబెట్టకుండా తోమితే చేతులు నొప్పి పుడతాయే గానీ మాడు వదలదు. బ్యారెల్ కూడా అంతే. ఏ మురికికి ఏ మందో తెలుసుకుని, దానికి కాస్త టైమిస్తే చేతికి పని సగం తగ్గుతుంది.

గన్‌మ్యాన్ చేతిలో ఉండే పన్నెండు బోర్ తుపాకీ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రైఫిల్ అలా కాదు. లోపల మర తిరిగినట్టు గాడులుంటాయి. తూటా వాటిని ఒరుసుకుంటూ గిర్రున తిరిగి బయటికొస్తుంది కాబట్టే గురి తప్పదు. పాత త్రీనాట్‌త్రీ రైఫిల్‌లో ఈ గాడులు సాధారణంగా 5, ఎడమకు తిరిగి ఉంటాయి. మురికి దాక్కునేది ఈ గాడుల మూలల్లోనే.

ఆ మురికి కూడా ఒక రకం కాదు. మందుగుండు కాలిన మసి ఒకటి. తూటా పైతొడుగు నుంచి గీసుకుపోయి అంటుకున్న రాగి రెండోది. పాత తూటాలతో అయితే మూడోది కూడా ఉంటుంది, అది ఉప్పు. ఆ తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది పేలాక పొటాషియం క్లోరైడ్‌గా మారి గొట్టంలో మిగిలిపోతుంది. మన వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టమే ఇది. వానాకాలం గాలిలో తేమ పీల్చుకుందంటే, తెల్లారేసరికి లోపల తుప్పు మొదలైనట్టే. నూనెలో ఉప్పు కరగదు, పైన ఎంత నూనె పూసినా కింద దాని పని అది చేసుకుపోతుంది. అందుకే త్రీనాట్‌త్రీ కాలంలో కాల్పులు కాగానే గొట్టంలో మరిగే నీళ్లు పోసేవారు. నీళ్లకు ఉప్పు కరిగిపోయేది, ఆ వేడికి గొట్టం తనంతట తానే ఆరిపోయేది. ఆ తర్వాతే నూనె. ఇప్పటి తూటాల్లో ఎక్కువ భాగానికి ఈ బెడద లేదు.

పని మొదలుపెట్టే ముందు మ్యాగజైన్ తీసేయాలి. బోల్ట్ తెరిచి ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. అపార్ట్‌మెంట్‌లో అయితే కిటికీలు తెరవాలి, మందుల ఘాటు తక్కువేం కాదు.

ఇక అసలు పని. కాల్పులు అయిన వెంటనే, గొట్టం గోరువెచ్చగా ఉండగానే మొదలుపెడితే మసి మెత్తగా ఊడివస్తుంది. సాల్వెంట్‌లో తడిపిన గుడ్డముక్క ఒకటి లోపలికి పంపి పదీ పదిహేను నిమిషాలు వదిలేయండి. ఈలోగా బోల్ట్ తుడుచుకోవచ్చు, టీ మాత్రం చేతులు సబ్బుతో కడిగాకే. మసిలో ఉండే సీసం ఒంట్లోకి పోకూడదు. తర్వాత కంచు బ్రష్ నాలుగైదు సార్లు నడిపి, పొడి గుడ్డలు ఒకదాని వెనక ఒకటి పంపాలి. ప్రతి గుడ్డా ఛాంబర్ వైపు నుంచి దూరి మూతి దగ్గర బయటపడాలి. వాడిన ముక్కను మళ్లీ వెనక్కి లాగితే తీసిన మురికిని తిరిగి లోపల పెట్టినట్టే.

మసి పోయాక కూడా గాడుల్లో ఎర్రగా మెరిస్తే అది రాగి. దానికి అమ్మోనియా ఉన్న మందు కావాలి. రాగి కరిగితే గుడ్డ నీలంగా వస్తుంది. కానీ కడ్డీ చివర గుడ్డను పట్టుకునే ముక్క ఇత్తడిదైతే దాని రంగూ గుడ్డకు దిగుతుంది, గొట్టం శుభ్రమైనా గుడ్డ నీలంగానే వస్తుంటుంది. అందుకు ప్లాస్టిక్‌ది వాడటం మేలు. ఈ మందును రాత్రంతా లోపల వదిలేయకూడదు. డబ్బా మీద రాసిన సమయం దాటనివ్వొద్దు. నురగలా వచ్చే మందులూ ఉన్నాయి. గొట్టం నిండా కొట్టి, ఆగి, తుడిస్తే సరి. తొందర ఉన్నవాళ్లకు నేను చెప్పేది అదే.

ఆర్మీలో గుడ్డముక్కను చిందీ అంటారు. శుభ్రానికి 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు. నూనె రాయడానికి వెడల్పు ఒకటిన్నర చాలు. గుడ్డ బిగుతుగా ఉంటే నూనెంతా పిండుకుని బయటికొచ్చేస్తుంది, అరంగుళం తగ్గించింది అందుకే. చిందీని గొట్టంలోంచి లాగే పుల్‌త్రూ తాడును తిన్నగా లాగకపోతే మా ఉస్తాదు వీపు విమానం మోత మోగించేవాడు. అడ్డంగా లాగిన తాడు మూతి అంచును కోస్తుంది. తూటాను చివరగా వదిలేది ఆ అంచే. అది ఒక పక్క అరిగితే గురి పోయినట్టే, ఏ మందూ తిరిగి తేలేదు. కాల్చి పాడైన గొట్టాలకన్నా మొరటుగా తోమి పాడుచేసిన గొట్టాలే నా చేతికి ఎక్కువగా వచ్చాయి.

ఎయిర్ రైఫిల్ సంగతి వేరు. మన హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. అందులో మందుగుండు ఉండదు, మసీ రాదు. ఉండేదల్లా 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ వదిలే సీసం పొడి. ఫెల్ట్ ముక్కలు రెండుమూడు పంపితే సరిపోతుంది. ఘాటు సాల్వెంట్లు, కంచు బ్రష్‌లు దాని దగ్గరికి తేవద్దు. లోపలి సీళ్లు పాడవుతాయి. ఎన్‌సీసీ వాళ్ల పాయింట్ 22 రైఫిల్ ఈ రెంటికీ మధ్యస్థం. దాని తూటా మెత్తటి సీసం కాబట్టి పెద్ద తుపాకులకు తోమినంత దానికి అక్కర్లేదు.

లైసెన్స్ ఉన్నవాళ్లకు ఎన్నికలప్పుడు ఇంకో సంగతి గుర్తుండాలి. కోడ్ రాగానే ఆయుధాలు స్టేషన్‌లో జమ చేయమంటారు. వారాల తరబడి అక్కడే ఉంటాయి కాబట్టి ఇచ్చేముందు శుభ్రం చేసి లోపల పల్చగా నూనె పట్టించండి. తిరిగి తెచ్చుకున్నాక మాత్రం పొడి చిందీతో ఆ నూనెంతా తీసేసి, గొట్టంలోకి వెలుతురు పెట్టి చూసిన తర్వాతే కాల్చండి. నూనె నిలిచిన గొట్టంలో తూటా పేలితే పీడనం పెరుగుతుంది. చిందీ చిక్కుకున్న గొట్టమైతే చీలిపోతుంది.