గీతకు ఆవల నిలిచిన గురువు

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతములలో సాయంకాలమున బడి విడిచిన పిదప బాలురు బంతిని తన్నుచు పరుగులిడుట కనబడుచుండును. గోలు చేసినవానిని తోడివారు భుజములపై ఎత్తుకొందురు. గీతకు ఆవల నిలిచి ఆట నేర్పిన గురువును గమనించువారు మాత్రము అరుదు. శిక్షకుని గొప్పతనము ఎందున్నదో తెలిసికొనుటకు హైదరాబాదు నగరమున 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం చరిత్రము చాలును.

రహీం మొదట బడిపంతులు. పిమ్మట హైదరాబాదు నగర పోలీసు జట్టునకును, భారత జట్టునకును ఫుట్‌బాలు శిక్షకుడయ్యెను. పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు రోవర్స్ కప్పును గెలుచుకొనెను. లోపమును సాధనచేత దిద్దుట ఆయన పద్ధతి. వాటములేని కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో ఆయన పోటీలు నడిపెను. అందుచేత ఆటగాండ్రకు రెండు కాళ్ళును సమానముగా వశమయ్యెను.

ఓటమినుండి నేర్చుకొనుట రెండవ గుణము. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన మన జట్టు, మరుసటి ఏట హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఓడెను. మనవారిలో పెక్కుమంది నాడు వట్టికాళ్ళతో ఆడిరి. ఆ పిదప బూట్లతో ఆడుట తప్పనిసరి యయ్యెను; ఆటతీరును మార్చెను. 1956లో మెల్‌బోర్నున మన జట్టు ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి, నాలుగవ స్థానమును పొందెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు అదియే.

శిష్యునియందు నమ్మకము మూడవ గుణము. 1962లో జకార్తా ఆసియా క్రీడల మొదటి ఆటలో మన జట్టు దక్షిణ కొరియాకు ఓడెను. రక్షణపంక్తిలోని జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. ఇతరులైనచో అతనిని కూర్చుండబెట్టుదురు. రహీం అతనిని ముందువరుసకు పంపెను. ఫైనలులో ప్రేక్షకులు మనవారికి ప్రతికూలముగా కేకలు వేయుచుండగా, పి.కె. బెనర్జీయు, ఆ జర్నైల్ సింగును చెరియొక గోలు చేసిరి. కొరియాపై 2–1తో స్వర్ణము లభించెను.

అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరు రహీం దేహమును క్రుంగదీయుచుండెను. 1963 జూన్‌లో ఆయన మరణించెను. ఆ పిదప ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశము మరల స్వర్ణము గెలువలేదు.

ఆట సాగునప్పుడు శిక్షకుడు బంతిని తాకరాదు. అంతకుముందు తాను నేర్పినదియే శిష్యుల కాళ్ళలో నిలిచి ఆడవలెను. తాను లేనిచోట కూడ తన విద్యను నిలుపగలవాడే గొప్ప గురువు.