ముక్కు పని గొట్టం చేయదు

ధర్మపురి నుంచి సేలం వైపు సాగే 44వ జాతీయ రహదారిలో తొప్పూరు కనుమ ప్రమాదాలకు పేరుపడింది. అలాంటి చోట తలకు బలమైన దెబ్బ తగిలినవారు గానీ, పురుగుమందు విషప్రభావానికి లోనైనవారు గానీ రోజుల తరబడి వెంటిలేటరు మీదే ఉండవలసి వస్తే, వైద్యులు మెడ ముందుభాగాన శ్వాసనాళానికి రంధ్రం చేసి అందులో వంపు తిరిగిన పొట్టి గొట్టాన్ని అమరుస్తారు. ఈ శస్త్రచికిత్స పేరు ట్రకియాస్టమీ. రోడ్డు ప్రమాద బాధితులకు తొలి 48 గంటల చికిత్సను ఉచితంగా అందించే పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో ప్రారంభించింది. ప్రాణం నిలబెట్టడంలో ఆ గంటల విలువ అపారమే గానీ, గొట్టంతో ఇల్లు చేరిన మనిషికి నెలల తరబడి కావలసింది ఇంటివారి చేతి నేర్పు.

పీల్చిన గాలిని వెచ్చబరచి, తేమ చేర్చి, దుమ్ము వడగట్టి లోపలికి పంపే ముక్కును తప్పించి గాలి నేరుగా శ్వాసనాళంలోకి పోతుంది కనుక, అక్కడి తెమడ ఎండి, చిక్కబడి, గొట్టం గోడలకు పెచ్చులుగా అంటుకుంటుంది. తేమను నిలిపే చిన్న ఫిల్టరును గొట్టం మూతికి తగిలించడం, వైద్యులు చెప్పిన మేరకు సెలైన్ ఆవిరి పట్టడం అందుకే. సక్షన్ యంత్రంతో తెమడ తీసేటప్పుడు సన్నని క్యాథెటరును పీల్పు లేకుండా లోపలికి పంపి, బయటికి తీస్తున్నప్పుడే పీల్పు ఇవ్వాలి. తెమడతో పాటు ఊపిరితిత్తుల్లోని గాలినీ అది లాగేస్తుంది కాబట్టి ఒక్కో విడత 10–15 సెకన్లు మించకూడదు. రెండు పొరల గొట్టమైతే లోగొట్టాన్ని మాత్రమే తీసి, శుభ్రపరచి, తిరిగి పెడతారు.

ఊపిరి స్వరతంత్రుల దాకా చేరదు కనుక రోగికి మాట రాదు; దానిని స్పృహ లేకపోవడంగా భావించి, అన్నీ వింటున్న మనిషి ఎదుటే ఆశ వదులుకున్న మాటలు మాట్లాడడం ఎంతో బాధాకరం. పలకా, చేతిగంటా మంచం పక్కనే ఉండాలి. కొందరికి మాట తెప్పించే ఒంటిదారి వాల్వు అమర్చవచ్చు గానీ, గొట్టం చుట్టూ ఉండే గాలిబుడగను ముందుగా పూర్తిగా దించకపోతే వదిలే ఊపిరికి దారే ఉండదు, ప్రాణం పోతుంది.

ఇంటికే వచ్చి సేవలందించే ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం 2021 ఆగస్టు 5న, 2004 వరకు ధర్మపురిలో భాగమైన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలో మొదలైంది. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాలకు కాగితం మీది సూచనల కన్నా, ఇంటికి వచ్చిన నర్సు పక్కనుండి వారి చేతనే చేయించి నేర్పడం మేలు. గొట్టం ఊడినా, పెదవులు నీలమెక్కినా చేయవలసినది కూడా అప్పుడే నేర్పాలి; అదే కొలత గొట్టం ఒకటి, అంతకన్నా ఒక సైజు చిన్నది ఒకటి ఎప్పుడూ రోగి దగ్గరే సిద్ధంగా ఉండాలి.