జిమ్మీ రాజర్సు

అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రములలో పల్లెప్రజలు పాడుకొను పాటలనుండి ‘కంట్రీ’ సంగీతమను శాఖ పుట్టినది. దానికి పితామహుడని జిమ్మీ రాజర్సును చెప్పుదురు. ఆయన గ్రామఫోను రికార్డులకు పాడినది ఆరేండ్లు మాత్రమే. ఆ ఆరేండ్లును క్షయవ్యాధితో పోరాడుచునే పాడెను.

రాజర్సు 1897వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన జన్మించెను. మిసిసిపీ రాష్ట్రములోని మెరీడియన్ పట్టణము ఆయన స్వస్థలము. బాల్యముననే తల్లిని కోల్పోయెను. తండ్రి రైలుబాట పనులు చేయించు మేస్త్రీ. బాలుడు కూలీలకు మంచినీరు అందించుచు, వారి పాటలు వినుచుండెను. వారిలో పలువురు నల్లజాతివారు. వారి వేదనను తెలుపు పాటలకు ‘బ్లూస్’ అని పేరు. పెద్దవాడైన పిదప రాజర్సు రైళ్లలో బ్రేకులు వేయు పనిలో చేరెను. 1924లో క్షయ బయటపడినది. ఆ కాలమున దానికి తగిన మందు లేదు. రైలుపనికి శరీరము సహకరింపకపోగా, పాటయే ఆయనకు బ్రతుకుతెరువైనది.

1927 ఆగస్టులో విక్టర్ కంపెనీవారు బ్రిస్టల్ పట్టణమునకు వచ్చి గాయకుల పాటలను రికార్డు చేయుచుండిరి. రాజర్సు వారికి రెండు పాటలు పాడెను. నవంబరులో పాడిన ‘బ్లూ యోడెల్’ ఆయన కీర్తిని దేశమంతట వ్యాపింపజేసెను. యోడెల్ అనగా గొంతును మంద్రమునుండి తటాలున తారమునకు ఎగురవేసి, మరల దింపుచు పాడు పద్ధతి. ఆల్ప్సు పర్వతములలోని పశులకాపరులు దీనికి ప్రసిద్ధులు. రాజర్సు దీనిని బ్లూస్‌తో మేళవించెను.

ఆయన ఒకే ఫక్కికి కట్టుబడలేదు. కొన్ని పాటలకు తన గిటారొక్కటే తోడు. కొన్నింటికి హవాయి ద్వీపముల గిటారు, మరికొన్నింటికి జాజ్ వాద్యబృందము తోడయ్యెను. 1930లో లాస్ ఏంజెలెస్ నగరమున రాజర్సు పాడగా, ప్రఖ్యాత నల్లజాతి విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగు ట్రంపెట్ వాయించెను. దక్షిణ రాష్ట్రములలో నల్లవారును తెల్లవారును ఒకే బడిలో చదువుటకైనను చట్టము అంగీకరింపని కాలమది!

1933 మే నెలలో ఆయన న్యూయార్కునకు పోయి చివరి పాటలు పాడెను. పాడుగదిలోనే మంచము వేయించిరి. ఒక పాట కాగానే పండుకొని, ఓపిక కూడదీసికొని మరియొక పాటకు లేచెడివాడు. మే 26వ తేదీన మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 35 ఏండ్లు.

ఆయన రికార్డు చేసిన పాటలు నూటపదికి పైగా నున్నవి. 1961లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ స్థాపింపబడినప్పుడు మొదట గౌరవింపబడిన మువ్వురిలో ఆయన యొకడు. విద్య యెవరియొద్ద నున్నను వినయముతో నేర్వవలెను. కూలీల పాటలు విని గాయకుడైన రాజర్సు రికార్డులే దీనికి సాక్ష్యము.