కుర్చీ బాగుందట... ఎవరన్నారు?

ఇంటికి పెద్ద అట్టపెట్టె వస్తుంది. విప్పితే నల్లటి జాలీ వీపు, అయిదు చక్రాలు, మూడు మీటలు, గుప్పెడు బోల్టులు. గంటసేపు కుస్తీ పడితే కుర్చీ తయారు! పాతికవేలు పోసి కొన్నది మరి. కొనేముందు రెండువారాలపాటు రాత్రిళ్లు మేలుకుని దొరికిన రివ్యూ అల్లా చదివి, నాలుగున్నర స్టార్లు ఉన్నదాన్ని ఏరికోరి ఎంచుకున్నది. 'నడుంనొప్పి మాయం' అని రాసినవాళ్లు ఎంతమందో. తీరా నెల తిరిగేసరికి నడుంనొప్పి ఎక్కడిదక్కడే ఉంది సరికదా, కొత్తగా కాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది.

అప్పుడు మళ్లీ ఆ రివ్యూ తెరిచి అట్టడుగుదాకా వెళ్తే... చీమతలకాయంత అక్షరాల్లో నాలుగు ముక్కలు కనిపిస్తాయి. ఇక్కడ రాసింది వైద్య సలహా కాదు. మా ద్వారా కొంటే మాకు కమీషన్‌ అందవచ్చు. కుర్చీ మీకు సరిపోకపోతే బాధ్యత మాది కాదు. పైన పేజీలకు పేజీలు పొగిడింది ఒక ఎత్తు, కింద ఆ నాలుగు ముక్కలు ఒక ఎత్తు!

హైదరాబాద్‌ ఐటీ ఉద్యోగుల ఇళ్లలో ఈ కథ చాలామందికి అనుభవమే. 2020 మార్చిలో లాక్‌డౌన్‌ పడి ఆఫీసు ఇంటికొచ్చేసరికి ముందు భోజనాలబల్ల కుర్చీ, తర్వాత ప్లాస్టిక్‌ కుర్చీ, ఆపైన మంచమే ఆఫీసయ్యాయి. నడుములు మొరాయించాక గానీ కుర్చీ విలువ తెలిసిరాలేదు. ఆ ఏడాది మే నెలలో గూగుల్‌ తన ఉద్యోగులకు ఇంట్లో పనికి కావాల్సిన సామగ్రి, ఫర్నిచర్‌ కోసం వెయ్యి డాలర్ల దాకా ఇస్తామని ప్రకటించింది. అప్పటిదాకా ఆఫీసుల కొనుగోళ్ల విభాగానికే తెలిసిన 'ఎర్గోనామిక్‌' అన్న మాట గృహిణుల నోటికీ వచ్చేసింది.

ఆ మాట ఎవరి సొత్తూ కాదు

ఇంతకీ ఎర్గోనామిక్‌ అంటే? గ్రీకులో 'ఎర్గాన్‌' అంటే పని, 'నోమోస్‌' అంటే నియమం. ఈ రెండింటినీ కలిపి 1857లో వాడినవాడు పోలండ్‌కు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త వోయ్‌చెహ్‌ యస్త్‌షెంబోవ్‌స్కీ. పలకడానికి నాలుక మెలికపడే పేరే గానీ ఆలోచన మాత్రం సూటిగా ఉంది. మనిషిని పనికి తగ్గట్టు వంచడం కాదు, పనినే మనిషికి తగ్గట్టు అమర్చాలన్న శాస్త్రానికి ఆ మాట పేరైంది. 1949లో బ్రిటన్‌లో హైవెల్‌ మరెల్‌ బృందం దాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చింది.

చిక్కేమిటంటే, కుర్చీ అట్టపెట్టె మీద ఆ మాట అచ్చువేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మూడువేల కుర్చీ మీదా ఉంటుంది, లక్ష రూపాయల కుర్చీ మీదా ఉంటుంది. 'బిఫ్మా సర్టిఫైడ్‌' అన్న ముద్ర మాటేమిటి అంటారా? అది అమెరికా ఆఫీసు ఫర్నిచర్‌ తయారీదారుల సంఘం పెట్టిన ప్రమాణం. ముద్ర నిజమైనదైతే కుర్చీకి గట్టి పరీక్షలే జరిగినట్టు. 57 కిలోల మూటను సీటు మీద లక్షసార్లు పడేసి చూస్తారు. వీపు విరుగుతుందా, చక్రం ఊడుతుందా అని చూస్తారు. అంటే కుర్చీ నడుము విరగదని ఆ ముద్ర హామీ. మీ నడుము సంగతి దానికి తెలీదు!

మొదట్లో పదికి రెండు మార్కులు

రివ్యూలను ఎంతవరకు నమ్మాలో చెప్పడానికి ప్రపంచంలో బాగా పేరుమోసిన ఆఫీసు కుర్చీ కథే చాలు. 1980ల చివర అమెరికాలో బిల్‌ స్టంఫ్‌, డాన్‌ చాడ్విక్‌ అనే ఇద్దరు డిజైనర్లు వృద్ధుల కోసం ఓ కుర్చీ మీద పనిచేశారు. గంటల తరబడి మెత్తటి ఫోమ్‌ మీద కూర్చునే పెద్దవాళ్లకు ఒళ్లు వేడెక్కి పుండ్లు పడుతున్నాయని గమనించారు. ఫోమ్‌ను తగ్గించే ఆలోచన అక్కడ మొదలైంది. ఆ వృద్ధుల కుర్చీ బజారుకు రాలేదు గానీ ఆలోచన మిగిలింది. ఫోమ్‌ పూర్తిగా తీసేసి, గాలి ఆడే జాలీని బిగించి, 1994లో హెర్మన్‌ మిల్లర్‌ కంపెనీ తెచ్చిందే 'ఏరాన్‌'.

బజారులోకి తెచ్చేముందు దాన్ని జనంతో పరీక్ష చేయించారు. మాల్కం గ్లాడ్‌వెల్‌ 2005లో తెచ్చిన 'బ్లింక్‌' పుస్తకంలో ఈ ముచ్చట ఉంది. కూర్చున్నాక హాయిగా ఉందా అంటే కుర్చీ మెరుగయ్యేకొద్దీ మంచి మార్కులే పడ్డాయి. చూడ్డానికి ఎలా ఉందంటే మాత్రం మొదట్లో పదికి రెండు, మూడు! ఎముకల గూడులా ఉన్న ఆ కుర్చీకి ఇంకా గుడ్డ తొడగలేదేమో అనుకున్నారు. ఆ మార్కులు చూసి కంపెనీ వెనక్కి తగ్గి ఉంటే కథ ముగిసేది. తగ్గలేదు. డాట్‌కామ్‌ రోజుల్లో కొత్త కంపెనీ పెడితే ముందు ఏరాన్‌ కుర్చీలు కొనడం ఫ్యాషనైంది. 2000 తర్వాత ఆ కంపెనీలు మూతపడినప్పుడు వేలంపాటల్లో గుట్టలుగా కనిపించినవీ ఆ కుర్చీలే. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం కూడా దాన్ని తన సేకరణలో చేర్చుకుంది. అప్పుడు వికారంగా ఉందన్న జాలీ వీపునే ఇప్పుడు ప్రతి కుర్చీ కంపెనీ అనుకరిస్తోంది.

ఏరాన్‌లో అంతగా చెప్పుకోని విశేషం ఇంకొకటుంది. చొక్కాల్లా అది మూడు సైజుల్లో వచ్చింది... ఏ, బీ, సీ. మనిషికో సైజు అన్న ఆ ఆలోచన తర్వాత వచ్చిన చవక నకళ్లలో చాలావాటికి అంటలేదు.

సగటు మనిషి లేడు

సైజు ఎందుకంత ముఖ్యం? 1950లో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్ల ఒళ్లు కొలిపించింది. కాక్‌పిట్‌ను సగటు పైలట్‌కు సరిపోయేలా కట్టాలని వాళ్ల ఆలోచన. గిల్బర్ట్‌ డేనియల్స్‌ అనే యువ పరిశోధకుడు ఎత్తు, ఛాతీ, చేయి పొడవు వంటి పది కొలతలు తీసుకుని, పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాళ్లు ఎందరో లెక్కవేశాడు. ఎంతమంది తేలారో తెలుసా? ఒక్కరూ లేరు! సగటు మనిషి కోసం కట్టింది ఎవరికీ సరిపోదని తేలాకే అటూ ఇటూ జరుపుకొనే సీట్లకు గిరాకీ వచ్చింది.

పైలట్ల సంగతే అలా ఉంటే, అమెరికా, ఐరోపా ఒళ్ల కొలతలకు గీసిన కుర్చీలో మనవాళ్లు కూర్చుంటే? భారతీయుల శరీర కొలతలను అహ్మదాబాద్‌లోని నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ డిజైన్‌ 1997లో పుస్తకంగా అచ్చువేసింది. దేబ్‌కుమార్‌ చక్రవర్తి దాని రచయిత. అంటే కొలతలు లేక కాదు. బజారులో కుర్చీ కొనేటప్పుడు వాటిని అడిగేవాళ్లు లేరు, అంతే.

ఓ లెక్క చూడండి. అయిదడుగుల ఎత్తున్న మహిళకు అరికాలి నుంచి మోకాలి వెనక మడతదాకా ఉండేది సుమారు 15 అంగుళాలు. సీటు ఆ ఎత్తులో ఉంటేనే పాదం నేల మీద పూర్తిగా ఆనుతుంది. మీట ఎంత నొక్కినా చాలా కుర్చీలు 17 అంగుళాల దగ్గరే ఆగిపోతాయి. పైగా బల్ల ఒకటుంది. మామూలు ఆఫీసు బల్ల ఎత్తు 29, 30 అంగుళాలు. కుర్చీని కిందికి దించితే బల్ల చంకల దాకా వచ్చి భుజాలు పైకి లేస్తాయి, మెడ పట్టేస్తుంది. బల్లకు తగ్గట్టు కుర్చీని పైకి లేపితే కాళ్లు గాల్లో వేలాడతాయి, సీటు అంచు తొడల కింద నొక్కి తిమ్మిర్లు వస్తాయి. ముందుకు చూస్తే నుయ్యి, వెనక్కి చూస్తే గొయ్యి! ఆరడుగుల మనిషి అదే కుర్చీకి అయిదు స్టార్లు ఇచ్చి ఉంటాడు. అతను అబద్ధం ఆడలేదు. అతని కాళ్లు నేలకు ఆనాయి మరి.

ఎత్తులాగే సీటు లోతూ చూసుకోవాలి. వీపు పూర్తిగా వెనక్కి ఆనించి కూర్చున్నప్పుడు మోకాలి మడతకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. దూరకపోతే మనిషి తెలీకుండానే ముందుకు జరిగి కూర్చుంటాడు. అప్పుడు వెనక ఉన్న 'లంబార్‌ సపోర్టు' నడుముకు తగలనే తగలదు. దానికోసం అదనంగా ఇచ్చిన మూడు నాలుగువేలు గాలికి ఆసరా ఇస్తున్నట్టే.

అన్నట్టు, లోతు కొలత ఎక్కువ రివ్యూల్లో కనిపించదు. రంగులు ఎన్నో మాత్రం ఉంటుంది.

తాతగారి పడక కుర్చీ

నిటారుగా కూర్చోమని బడిలో అయ్యవారు, ఇంట్లో అమ్మా చెప్పినమాట. శాస్త్రం ఏమంటుందంటే, అది ఒక్కమాటే అనడం లేదు. స్వీడన్‌ డాక్టరు ఆల్ఫ్‌ నాకెమ్‌సన్‌ 1960, 70ల్లో వెన్నుపూసల మధ్య డిస్కులో సూది గుచ్చి ఒత్తిడి కొలిచాడు. నిల్చున్నప్పుడు ఒత్తిడి 100 అనుకుంటే, ఆసరా లేకుండా కూర్చున్నప్పుడు 140 అయింది. కూర్చోవడం నడుముకు చేటన్న మాటకు అప్పటినుంచి బలమొచ్చింది. 1999లో జర్మనీలో విల్కే బృందం ఒక వాలంటీరు డిస్కులో సెన్సర్‌ అమర్చి మళ్లీ కొలిస్తే, ఒళ్లు వదులుచేసి కూర్చున్నప్పుడు ఒత్తిడి నిల్చున్నప్పటికంటే ఎక్కువేం లేదు. ముందుకు వంగి కూర్చున్నప్పుడు మాత్రం బాగా పెరిగింది.

2006లో ఇంకో ముచ్చట. స్కాట్లండ్‌లోని అబర్‌డీన్‌లో 22 మంది ఆరోగ్యవంతులను రకరకాలుగా కూర్చోబెట్టి ఎమ్మారై తీశారు. వసీం బషీర్‌ అనే డాక్టరు ఆ ఫలితాలను షికాగో సదస్సులో చెప్పాడు. 90 డిగ్రీల్లో నిటారుగా కూర్చుంటే డిస్కులు ఎక్కువగా కదిలాయి, 135 డిగ్రీల్లో వెనక్కి వాలితే అతి తక్కువ. 135 డిగ్రీలంటే... వరండాలో పడక కుర్చీ వేసుకుని పేపరు చదివే తాతగారి వాలు ఇంచుమించు అదే! కాకపోతే తాతగారికి కీబోర్డు లేదు.

ఖరీదైన కుర్చీ నొప్పి తగ్గిస్తుందా అన్న ప్రశ్నకు గట్టి జవాబు ఇంకా లేదు. ఆఫీసు ఉద్యోగుల మెడ, చేతుల నొప్పుల నివారణ మీద 15 అధ్యయనాలను కాక్రేన్‌ సంస్థ 2018లో ఒకచోట చేర్చి చూసింది. ముంజేయి ఆనించే ఆసరాతోపాటు వేరే తరహా మౌస్‌ వాడినవాళ్లకు కొంత మేలు కనిపించింది. మిగతావాటికి చెప్పుకోదగ్గ ఆధారాలు దొరకలేదు. కుర్చీ బాగాలేకపోతే నొప్పి రావచ్చు, కుర్చీ బాగున్నంతమాత్రాన పోవాలని లేదు. రివ్యూ అడుగున 'వైద్య సలహా కాదు' అని రాసుకోవడం వెనక ఉన్న అసలు సంగతి ఇదే. పైన పెద్దక్షరాల్లో 'నొప్పి మాయం' అనేటప్పుడు మాత్రం అది గుర్తుండదు. కాలు తిమ్మిరి వదలకపోయినా, నొప్పి కాళ్లలోకి పాకుతున్నా చూపించుకోవాల్సింది కుర్చీ కొట్లో కాదు, ఆర్థోపెడిక్‌ డాక్టరు దగ్గర.

కమీషన్‌ ఎవరిది?

ఇక రెండో ముక్క, కమీషన్‌. రాసినవాడి లింకు నొక్కి మీరు కొంటే అతనికి కొంత ముడుతుంది. ఇది తప్పు కాదు, దాచడం తప్పు. అమెరికాలో పరుపుల రివ్యూల గొడవ ఇందుకు పెద్ద పాఠం. 2016లో కాస్పర్‌ అనే పరుపుల కంపెనీ ముగ్గురు రివ్యూ రాసేవాళ్ల మీద కోర్టుకెక్కింది. పోటీ కంపెనీల దగ్గర కమీషన్‌ తీసుకుంటూ, ఆ సంగతి సరిగ్గా చెప్పకుండా తమను తక్కువ చేస్తున్నారని ఆరోపణ. తర్వాత రాజీ కుదిరింది. 2017లో ఆ రివ్యూ సంస్థల్లో ఒకదాన్ని వేరే కంపెనీ కొనుక్కుంది. కొనడానికి అప్పిచ్చిందెవరో ఊహించగలరా? కాస్పరే!

మనదేశంలో 2022 జూన్‌లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం, వస్తువును మెచ్చుకునేవారికి అమ్మకందారుతో డబ్బు సంబంధం ఉంటే అది బయటికి చెప్పితీరాలి. ప్రకటన తప్పుదోవ పట్టించేదని తేలితే వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తొలిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. మెచ్చుకున్నవారిని ఏడాదిపాటు అలాంటి పని చేయకుండా ఆపనూవచ్చు. అదే ఏడాది నవంబరులో ఆన్‌లైన్‌ రివ్యూలు ఎలా సేకరించాలో, ఎలా ప్రచురించాలో చెబుతూ బీఐఎస్‌ 'ఐఎస్‌ 19000' ప్రమాణం తెచ్చింది. స్వచ్ఛందంగా పాటించమనే తెచ్చారు, పాటించేవారి సంగతి చెప్పనక్కర్లేదు. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి డబ్బిచ్చి పొగడ్తలు కొనడం, కంపెనీయే రివ్యూ సంస్థ నడుపుతూ స్వతంత్రమని చెప్పుకోవడం నిషిద్ధం.

నమ్మదగ్గ రివ్యూను పోల్చుకోవడం మరీ కష్టమేం కాదు. రాసినవాడు తన ఎత్తు, బరువు చెప్పాడా? ఎన్ని నెలలు కూర్చున్నాడు? కుర్చీ తనే కొన్నాడా, కంపెనీ ఇచ్చిందా? ఒక్క లోపమైనా రాశాడా? ఆరునెలల తర్వాత గ్యాస్‌ సిలిండర్‌ దిగిపోతోందనో, జాలీ వదులైందనో రాసినవాడి మాట, పెట్టె విప్పిన రోజే అయిదు స్టార్లు ఇచ్చినవాడి మాటకంటే ఎక్కువ పనికొస్తుంది.

వీలైతే షాపుకెళ్లి కూర్చుని చూడండి. రెండు నిమిషాలు కాదు, ఇరవై నిమిషాలు. రోజూ వాడే చెప్పులతోనే వెళ్లండి, టేపు ఒకటి పట్టుకెళ్లండి. సేల్స్‌మన్‌ విసుక్కుంటే విసుక్కోనివ్వండి. కాళ్లు ఆనకపోతే వేరే కుర్చీ చూడండి. ఉన్న కుర్చీతోనే సరిపెట్టుకోవాలంటే కాళ్ల కింద అమ్మమ్మగారి పీట వేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లోనే కొంటున్నారా? వాపసు గడువు ఎన్నాళ్లో, బిగించాక కూడా తీసుకుంటారో లేదో, తిరిగి పంపే ఖర్చు ఎవరిదో ఆర్డరు ఇచ్చేముందే చదువుకోండి. ఆ అట్టపెట్టె ఉంది చూశారూ, గడువు దాటేదాకా దాన్ని మాత్రం పాత పేపర్లవాడికి వేయకండి.