చెట్టు కొట్టుటకు అనుమతి యేల?

తన పెరటిచెట్టును నఱకుటకు దొరతనమువారి సెలవేలయని మన రామంతాపూరు పెద్దలు కొందఱడుగుదురు. తెలంగాణమున నేడును అమలునందున్న 2002వ సంవత్సరపు వాల్టా చట్టము ప్రకారము, కొన్ని జాతులు తప్ప, సొంతనేలలోని చెట్టునకైనను అధికారి యనుమతి వలయును.

ఈ నియమము ప్రభుత్వమునకును కలదా? 2025 మార్చి చివర హైదరాబాదు విశ్వవిద్యాలయముచెంత కంచ గచ్చిబౌలియందు 400 ఎకరములు తనవని ప్రభుత్వము యంత్రములచే చెట్లను కూల్పించెను. విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని నాపెను. అప్పటికే సుమారు నూఱెకరములు బోడియయ్యెను. నెమళ్లును జింకలును చెదరెను. నేల యెవరిదని కాక, నఱకుటకు అనుమతి పొందితిరా యని న్యాయమూర్తులడిగిరి. మా దృష్టిలో అదియే సరియైన ప్రశ్న. ఏప్రిల్ 16న ఆ నేలను మరల పచ్చగావించు విధము తెలుపుమని యాజ్ఞాపించిరి.